గణితజ్ఞు డెట్లుండును?

వైద్యు డెట్లుండునని బిడ్డల నడిగినచో మెడలో గొట్టము వ్రేలాడు తెల్లకోటు మనిషిని వెంటనే గీసి చూపుదురు. దర్జీని, పాలవానిని, పోలీసును, బస్సు కండక్టరును గూడ నట్లే గీయుదురు. వారిని దినదినము చూచుచునే యున్నారు. గణితజ్ఞుని గీయుమన్నచో మాత్రము కొంతసేపు పెన్సిలు కొరుకుదురు. ఆపైన గీయునది చూచిన మనిషిని కాదు, వినిన మనిషిని. ఎవరివలన వినిరి? చాలవరకు మనవలననే సుమా, సోదరీమణులారా! అందుచేతనే పాఠశాలకు సంబంధించిన యీ సంగతిని గృహిణులు చదువు పత్రికలో వ్రాయ సాహసించుచున్నాను.

మావారు పాతబస్తీలో నొక పాఠశాలయందు గణితోపాధ్యాయులు. డిసెంబరు 22వ తేది శ్రీనివాస రామానుజన్‌గారి జన్మదినము. 2012 నుండి మన దేశమున దానిని జాతీయ గణిత దినోత్సవముగా జరుపుచున్నారు. ప్రతియేట ఉపన్యాసము, వ్యాసరచన పోటీ, బిస్కత్తు పొట్లము, అంతటితో సరి. మొన్నటి యుత్సవమునకు మావారు ఉపన్యాసము మాని, పెద్ద తరగతుల పిల్లలకు తలకొక కాగితమిచ్చి, గణితజ్ఞుడు పని చేయుచుండగా బొమ్మ గీయుడని చెప్పిరట. ఆ కాగితముల కట్ట సాయంకాలము మా యింటికి వచ్చినది. వంటపని ముగించుకొని నేనును చూడ గూర్చుంటిని.

ఎక్కువ బొమ్మలలో ముసలివారే. బట్టతల, అది కాకున్న రేగిన తెల్లజుట్టు. ఈ రేగిన జుట్టు ఐన్‌స్టీనుగారిది; ఆయన భౌతికశాస్త్రజ్ఞుడను మాట పిల్లల కక్కరలేదు. దళసరి కళ్ళద్దములు అందరికిని గలవు. కొందరు పాఠ్యపుస్తకములోని రామానుజన్ పటమును కోటుతో సహా దింపిరి. ఒకడు గణితజ్ఞుని తలనుండి అంకెలు మిడుతలవలె నెగురుచున్నట్లు గీసెను. ఇంకొకడు చేత బెత్తము పెట్టెను. మావారు బెత్తము పట్టి యెరుగరు. అయినను లెక్కలకును బెత్తమునకును గల చుట్టరికము తాతలనాటిది గదా. ఒక గడుగ్గాయి సెల్‌ఫోనునకు కాళ్ళుచేతులు తగిలించి, యిదియే గణితజ్ఞుడని క్రింద వ్రాసినాడు. నాకు మిక్కిలి నచ్చినది మాత్రము, ముర్గీచౌకు దుకాణములో వ్రేళ్ళ కణుపులమీద లెక్కించుకొను వర్తకుని బొమ్మ. ఆ పిల్లవాడు తా నెరిగిన మనిషిని గీసినాడు. కట్టయంతయు వెదకినను ఒక్క స్త్రీబొమ్మ లేదు. ఆడపిల్లలు గీసినవానిలో గూడ లేదు.

మా ప్రక్కవాటాలోనుండు ఆపా కూతురు అప్పుడు పదవ తరగతి. ఆ పిల్ల గీసిన గణితజ్ఞునకు ముఖమే లేదు. నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచున్న వీపు మాత్రమున్నది. మరునాడు మేడమీద బట్టలారవేయుచు, ‘‘ముఖమేదమ్మా?’’ అని యడిగితిని. ‘‘లెక్కల పీరియడులో మాకు కనబడేది వీపే కదా ఖాలా!’’ అనినది. ఈ మాట చెప్పిన రాత్రి మావారు చాలసేపు పలుకలేదు. అది మొదలు సగము పాఠము పిల్లలవైపు తిరిగి నోటిమాటగా చెప్పుచున్నారని వినికిడి.

ఇది మన బిడ్డల వింత యనుకొనరాదు. సూసన్ పిక్కర్, జాన్ బెర్రీ యను నిరువురు పరిశోధకులు అమెరికా, ఇంగ్లండు, ఫిన్లండు, స్వీడను, రుమేనియా దేశములలో 12, 13 ఏండ్ల పిల్లలచేత నిట్లే గణితజ్ఞుల బొమ్మలు గీయించి, 2000లో తమ విమర్శను ప్రకటించిరి. అక్కడను అదే బట్టతల, అదే రేగినజుట్టు, అదే కోపము. కొందరు మంత్రగానివలె గీసిరి. గణితజ్ఞునితో నెవరికి పనిపడునని యడిగినచో చాలమందికి సమాధానము తోచలేదట. పిల్లల కన్నులకు గణితజ్ఞుడు అసలు కనబడనివాడనియు, ఆ శూన్యమును భయముతోను పరిహాసముతోను నింపుకొనుచున్నారనియు వారు తేల్చిరి. శాస్త్రజ్ఞుల బొమ్మలనుగూర్చి అంతకుముందే, 1983లో, చేంబర్సు అను నాయన తన లెక్క ప్రకటించియుండెను. కెనడా మొదలగు దేశములలోని 4,807 మంది పిల్లలు గీసినవానిలో స్త్రీలు 28 మంది మాత్రమే. ఆ 28 బొమ్మలును బాలికలు గీసినవే. మిక్కిలి చిన్నబిడ్డల బొమ్మలలో ఈ కోట్లు, కళ్ళద్దములు అంతగా లేవట. తరగతి పెరిగినకొలది పెరిగినవట. అనగా పుట్టుకతో వచ్చిన యూహ కాదు, నేర్పబడినది. నేర్పబడినది మారనువచ్చును. అమెరికాలో 1985 తరువాత జరిగిన పరీక్షల నన్నింటిని కూడి చూడగా, స్త్రీబొమ్మలు సగటున నూటికి 28 వరకు వచ్చినవని 2018లో ప్రకటించిరి.

మన నగరమున ఈ యూహను నేర్పు బళ్ళు వేరుగా గలవు. ఏ కూడలిలో చూచినను ర్యాంకు వచ్చిన పిల్లల ముఖములతో కోచింగువారి ప్రకటన ఫలకములే. వానిని చూచి పెరిగిన బిడ్డకు గణితమనగా త్వరగా సమాధానము గుర్తించుట. గణితజ్ఞుడనగా నందరికన్న త్వరగా గుర్తించువాడు. ఇంటిలో మనమును అట్లే మెచ్చుకొందుము. ‘‘వాడు చటుక్కున చెప్పేస్తాడు’’ అని చుట్టములయెదుట మురిసిపోదుము. చటుక్కున చెప్పలేని బిడ్డ మూల నిలిచి విని, తనకు లెక్కలు రావని నిశ్చయించుకొనును.

నాకు చదువు చెప్పినది మా తాతగారు. బడి కాదు, భారతము. ఆరణ్యపర్వమున నలోపాఖ్యానము మీ రెరిగినదే. బాహుకుడను మారుపేరుతో నలుడు రథము తోలుచుండగా ఋతుపర్ణ మహారాజు త్రోవలోని తాండ్రచెట్టును చూచి, దాని యాకులెన్నియో కాయలెన్నియో క్షణములో చెప్పెను. పిల్లలు గీసిన గణితజ్ఞుడు ఈ ఋతుపర్ణుడే. మరి నలుడేమి చేసెను? ఆహా యని యూరకుండలేదు. రథమాపి, దిగి, చెట్టు పడగొట్టి లెక్కించి చూచెను. స్వయంవరమునకు వేళ మించుచున్నదని రాజు తొందరపెట్టినను వినలేదు. లెక్క సరిపోయిన తరువాతనే, యీ విద్య యెట్టిదో నాకు జెప్పుమని యడిగెను. నా మట్టుకు గణితజ్ఞుడు నలుడే.

అంతమాత్రమున ఋతుపర్ణుల గొప్పతన మేమియు తగ్గదు. కడపజిల్లాలో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టంధులు. అక్కగారు బిగ్గరగా చదువుకొను పాఠములు విని గణితము నేర్చి, ఫిడేలు వాయించుచు సభలలో పృచ్ఛకుల ప్రశ్నలకు ఉత్తరము లిచ్చెడివారు. శకుంతలాదేవి 1977లో 201 అంకెలుగల సంఖ్యకు 23వ మూలమును 50 సెకండులలో చెప్పెను. మన హైదరాబాదు యువకుడు నీలకంఠ భానుప్రకాశ్ 2020లో లండను పోటీలో మనోగణనమునకు స్వర్ణపతకము గెలిచెను. వీరిని చూపి బిడ్డలకు ఉత్సాహము గలిగింపవలసినదే. అయితే వేగము వేరు, గణితము వేరు అని కూడ చెప్పవలెను. సంగీతమునకు తాళమెంతో గణితమునకు వేగ మంత. తాళమే పాట కాదు.

రామానుజన్‌గారి కథనుగూడ మనము మహిమగానే చెప్పుదుము. నామగిరితాయారు స్వప్నమున సూత్రములు చెప్పెడిదని వినగానే పిల్ల లిక మనవంతు కాదని చేతులు కట్టుకొందురు. కాగితములు కొనలేక పలకమీద వ్రాసి, మోచేతితో చెరిపి, మరల వ్రాసి, తేలిన ఫలితమును మాత్రము పుస్తకమున కెక్కించెడివాడని యెవరు చెప్పుదురు? గణితము తప్ప తక్కిన విషయములు చదువక కళాశాల పరీక్షలో తప్పినాడని మావారు చెప్పగా ఒక కుర్రవాడు లేచి నిలుచుండి, ‘‘నిజంగానా సార్?’’ అనెనట. నా కెప్పుడును జ్ఞప్తికి వచ్చునది జానకమ్మగారు. 1919లో జబ్బుతో తిరిగివచ్చిన భర్తకు వేడినీటి కాపడము పెట్టుచు, పలక యడిగిన పలక, కాగిత మడిగిన కాగిత మందించిన దామెయే. ఆయన 1920 ఏప్రిలులో 32వ యేట కన్నుమూసెను. ఆ కడపటి దినముల కాగితములు కొన్ని కేంబ్రిడ్జి గ్రంథాలయమునకు చేరి, 1976లో మరల బయటపడినవి. జానకమ్మగారు కుట్టుపని నేర్చి తిరువళ్ళిక్కేణిలో బ్రతుకు నెట్టి, 1994 వరకు జీవించిరి. ఏ బిడ్డయు ఆమెను గీయదు. గీయుమని నేనును చెప్పను గాని, పలక యెవరో అందించిరని తెలిసినయెడల ఆ బొమ్మ మరింత మనుష్యుని బొమ్మ యగును.

మన ప్రాచీన గ్రంథములలో ఆడుదానికి చోటు లేకపోలేదు. భాస్కరాచార్యులవారి లీలావతి 1150 నాటిది. అందు అనేక ప్రశ్నలు ఒక బాలిక నుద్దేశించినవే. ఆమె ఆచార్యుల కుమార్తె యనియు, నీటి గడియారములో ముత్యము పడి వివాహముహూర్తము తప్పిపోగా నోదార్చుటకై యీ గ్రంథము వ్రాసెననియు కథ. 1587లో అక్బరు కొలువులోని ఫైజీ పారసీకములోనికి దీనిని పరివర్తించుచు ఈ కథను పీఠికలో చెప్పినాడు. కథ నిజమో కాదో, ఒక్కటి మాత్రము చూడుడు. లీలావతి ప్రశ్నింపబడునది గాని ప్రశ్నించునది కాదు. ఆమె తిరిగి యొక ప్రశ్న వేసియుండిన నెట్లుండెడిదో!

ఎట్లుండునో నేను మా మేడమీద చూచితిని.

ఆపా యింటిలో లక్క గాజులకు రాళ్ళు పొదుగుదురు. తయారైన గాజులు లాడ్‌బజారు దుకాణములకు పోవును. గాజు చుట్టును రంగురాళ్ళు ఒక వరుసలో తిరిగి తిరిగి రావలెను. మొదలు చివర కలిసినచోట వరుస చెడరాదు. ఒకనాడు ఆ పిల్ల నా యెదుట గూర్చుండి, రెండెరుపు, ఒక తెలుపు, ఒక పచ్చగా నాలుగేసి రాళ్ళ వరుస పెట్టుచుండెను. ఆ గాజునకు 54 రాళ్ళు పట్టును. చివర రెండు మిగిలినవి. వెంటనే నాలుగు వరుస మాని ఆరు వరుస పెట్టినది, సరిపోయినది. ఎట్లు తెలిసినదని యడుగగా, 54 రెంటితోను, మూటితోను, ఆరుతోను, తొమ్మిదితోను కుదురుననియు, 53 పట్టు గాజు వచ్చినచో మాత్రము అమ్మకు కోపమనియు చెప్పెను. దానికి ఏ వరుసయు కుదురదు, ఒకే రంగు పెట్టవలసినదే. 47 అట్టిదే, 59 అట్టిదే. వానికి ఆ పిల్ల పెట్టిన పేరు మొండిసంఖ్యలు. ఆపైన తనంతట తానే, ‘‘ఖాలా, గాజు పెద్దదయ్యే కొద్దీ ఈ మొండివి ఎక్కడైనా అయిపోతాయా?’’ అని యడిగినది.

పాఠ్యపుస్తకము వీనిని ప్రధానసంఖ్య లనును. ఆ ప్రశ్న సుమారు 2,300 సంవత్సరముల క్రిందట యూక్లిడు వేసికొన్నది. ఈ పిల్ల దానిని రాళ్ళ పళ్ళెములో చూచి తానుగా నడిగినది. నేను క్రిందికి దిగి మావారిని పిలుచుకొని వచ్చితిని. ఆయన గాజుల మాటలోనే చెప్పిరి. ‘‘నీకు తెలిసిన మొండిసంఖ్య లన్నీ ఒకదానితో నొకటి గుణించి, అన్ని రాళ్ళుండే గాజు చేశావనుకో. దానికి ఇంకొక్క రాయి కలుపు. ఇప్పుడు నీ మొండిసంఖ్యలలో ఏ వరుస పెట్టినా చివర ఒక రాయి మిగులుతుంది. కాబట్టి ఆ కొత్త సంఖ్యైనా మొండిదై ఉండాలి, లేకపోతే నీకు తెలియని మొండిసంఖ్య ఇంకొకటి దానిలో ఉండాలి.’’ పిల్ల పళ్ళెము ప్రక్కకు నెట్టి నేలమీద వ్రేలితో వ్రాసికొన్నది. కొంతసేపటికి, ‘‘అయితే అయిపోవు’’ అని మెల్లగా ననినది.

అక్కడితో నాగలేదు. 41, 43, 59, 61. ఇట్లు రెండేసి మొండిసంఖ్యలు ఒకటి విడిచి జంటగా వచ్చునుగదా, ఆ జంట లయిపోవునా యని మావారు తిరిగి యడిగిరి. పిల్ల ఆలోచించి, తెలియదు, మీరే చెప్పుడనినది. ‘‘నాకూ తెలియదు’’ అనిరి మావారు. సారుకు తెలియదా! ‘‘నాకే కాదమ్మా, ఈ ప్రపంచంలో ఎవ్వరికీ తెలియదు. వెదుకుతున్నారు.’’ ఆ క్షణమున నా పిల్ల ముఖము నేను చూచితిని. పది సంవత్సరములు బడికి పోయి, లెక్కలలో నెవ్వరికిని తెలియని దొకటి కలదని ఆనా డది మొదటిసారి విన్నది! సమాధానము లన్నియు పుస్తకము వెనుక ముద్రింపబడి యున్నవనియే యది నమ్మియుండెను. ముఖములేని బొమ్మ గీసినదన్న వింత యేమి?

ఆ జంటలనుగూర్చి 2013లో పెద్ద మెట్టు ఎక్కినవాడు ఇటాంగ్ జాంగ్ అను చీనాదేశీయుడు. తగిన యుద్యోగము దొరకక అమెరికాలో నొకప్పుడు రొట్టెల దుకాణమున పని చేసినాడు. ఏబదియేండ్లు దాటిన పిమ్మట, ఏడుకోట్లకు మించని యెడముతో ప్రధానసంఖ్యల జతలు అంతులేకుండ వచ్చునని నిరూపించెను. ఏడుకోట్ల దూరము! నవ్వు వచ్చునుగాని అంతకుముందు ఏ హద్దును ఎవరును నిరూపింపలేకపోయిరి. మరుసటి యేటికి పలువురు కలిసి దానిని 246కు దింపిరి. రెంటికి దింపవలసియున్నది. రొట్టెల దుకాణముమాట చెప్పినప్పుడు ఆపా కూడ పని యాపి విన్నది.

మరియం మీర్జాఖానీ టెహరానులో 1977లో పుట్టెను. చిన్నతనమున రచయిత్రి కావలెనని కోరిక. మాధ్యమిక పాఠశాలలో నొక యేడు ఉపాధ్యాయిని తనకు గణితమున శక్తి లేదని తలచుటచే ఆ యేడు గణితము సరిగా రాలేదని తానే చెప్పుకొన్నది. 2014లో ఫీల్డ్సు పతకము పొందిన మొదటి స్త్రీ యామె. తాను మెల్లగా ఆలోచించుదాననని చెప్పెడిది. పెద్ద పెద్ద కాగితములు నేలమీద పరచి మోకాళ్ళపై గూర్చుండి బొమ్మలు గీయుచు, వాని ప్రక్కన సూత్రములు వ్రాయుచుండగా, ఆమె చిన్నకూతురు ‘‘అమ్మ రంగులబొమ్మలు వేయుచున్నది’’ అనెడిదట. 2017లో 40 ఏండ్లకే ఆమె గతించెను. గణితజ్ఞుని పని చేయుచుండగా కన్నులార చూచిన బిడ్డ మాట ఎంత వేరుగా నున్నదో చూచితిరా! బెత్తము లేదు, బట్టతల లేదు.

మన నగరమునకును గణితజ్ఞులు రాకపోలేదు. 2010 ఆగస్టు 19 మొదలు 27 వరకు అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభ హైదరాబాదులోనే జరిగినది. మన దేశమున నదియే మొదటిసారి. రమారమి మూడువేలమంది వచ్చిరి. పరిమళగారు నిండుసభలో ప్రసంగించిరి. సభలకు ముందు స్త్రీ గణితజ్ఞులకు ప్రత్యేక సమావేశమును ఇచ్చటనే జరిగెను. అంతయు మాధాపురమువైపున, మూసీ దాటి మా హుస్సేనీ ఆలమువరకు రాలేదు. కబూతర్‌ఖానా పావురములను చూడవచ్చు యాత్రికులలో నొక్క గణితజ్ఞుడైన నుండియుండునేమో, ఉన్నను మా పిల్ల లెట్లు గుర్తింతురు?

పదవ తరగతి ఫలితములు వచ్చినవి. ఆ పిల్ల గణితమున మంచి మార్కులతో ఉత్తీర్ణురాలయ్యెను. ఇంటరులో గణిత విభాగము తీసికొందునని యింట చెప్పగా, ఆపా సంతోషించినది కాని యామె భర్త యొక్క ప్రశ్న వేసెను. ఆయన లాడ్‌బజారులో నొక దుకాణమున గుమాస్తా, మంచివాడు. ‘‘డాక్టరంటే తెలుసు, టీచరంటే తెలుసు. గణితజ్ఞుడంటే వాడి ఉద్యోగం ఏమిటి? జీతం ఎవరిస్తారు?’’ దీనిని తేలికగా తీసివేయరాదు. ఐదు దేశముల పిల్లలు సమాధానము చెప్పలేకపోయిన ప్రశ్న యిదియే.

మావారాయనను కూర్చుండబెట్టి కల్యంపూడి రాధాకృష్ణరావుగారి సంగతి చెప్పిరి. పదిమంది సంతానములో ఎనిమిదవవాడు. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకొనుటకు దీపము వెలిగించి యిచ్చెడివారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, సైన్యములో గణితజ్ఞుని యుద్యోగమునకై కలకత్తా పోయి, అది దొరకక, 1941లో అచ్చటి గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. 25వ యేట, 1945లో, ప్రకటించిన వ్యాసముతో లోకప్రసిద్ధుడయ్యెను. అన్నముడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి మనము చెప్పుదుము గదా. చేత చిక్కిన నాలుగు మెతుకులనుబట్టి కుండయంతటి సంగతి యెంత నిశ్చయముగా చెప్పవచ్చునో, ఆ నిశ్చయమునకు హద్దెక్కడనో ఆయన లెక్కించి చూపెను. మందులు పరీక్షించుటలోనేమి, పంటలు అంచనా వేయుటలోనేమి నేడు అందరికిని ఆ లెక్కతో పని గలదు. ఆయనపేర గణితసంస్థ మన హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణముననే యున్నది. 102 ఏండ్లు జీవించి 2023 ఆగస్టులో స్వర్గస్థుడయ్యెను.

ఆయన శ్రద్ధగా వినెను. దీపము వెలిగించిన తల్లి సంగతి వచ్చినప్పుడు లోపలివైపు, ఆపా గూర్చున్న పరదావైపు, ఒకసారి చూచెను. తరువాత నడిగినవి వేరు ప్రశ్నలు. గణితముగల జూనియరు కళాశాల యెంత దూరము, ఏ బస్సు, సాయంకాల మెన్ని గంటలకు తిరిగివచ్చును, తోడెవరు. డిగ్రీకి మహిళా కళాశాల మా హుస్సేనీ ఆలములోనే కలదుగాని, అది రెండేండ్ల తరువాతిమాట. మావారు బస్సు నంబర్లు ఒక కాగితముమీద వ్రాసి యిచ్చిరి. దరఖాస్తు ఆపా యింటి గూటిలో నున్నది. విభాగము వ్రాయవలసిన గడి యింకను ఖాళీయే. గడువు వారము దినము లున్నది.